ఊపిరికి కాపలా: హైదరాబాదు క్లోరోఫారం నుంచి నేటి మత్తు వైద్యం దాకా

మత్తు వైద్యం, అంటే అనస్థీషియా, ఆపరేషన్ బల్ల మీదున్న మనిషికి నొప్పి తెలియకుండా చేసే విద్య. ఆపరేషన్ ముగిసేదాకా అతని ఊపిరిని, నాడిని, రక్తపోటును కనిపెట్టుకొని ఉండి, తిరిగి స్పృహలోకి తెచ్చేవరకూ బాధ్యత ఆ డాక్టరుదే. థియేటరు ఉన్న ప్రతి ఊళ్లోనూ ఈ డాక్టరు అవసరం ఉంది. అయినా ఎంబీబీఎస్ పూర్తిచేసి పీజీ కౌన్సెలింగుకు కూర్చునే విద్యార్థుల్లో ఎక్కువమంది మొదట కోరుకునేది రేడియాలజీ, జనరల్ మెడిసిన్, చర్మవ్యాధులు, పిల్లల వైద్యం వంటివి. మంచి ర్యాంకు వచ్చిన విద్యార్థి అనస్థీషియా తీసుకుంటే ‘వేరే బ్రాంచి రాలేదా?’ అని ఇంట్లోవాళ్లే అడుగుతారు. మత్తు డాక్టరుకు సొంత పేషెంట్లు ఉండరు, బజారులో బోర్డు ఉండదు. రోగి బంధువులకు సర్జన్ పేరు జీవితాంతం గుర్తుంటుంది. మత్తు ఇచ్చినవారి పేరు ఆ రోజు కూడా తెలియదు. ఈ చిన్నచూపు ఈనాటిది కాదు. దానికి 170 ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో హైదరాబాదుకు దక్కవలసినంత పేరు దక్కని ఒక పెద్ద అధ్యాయం ఉంది.

1846కు ముందు శస్త్రచికిత్స అంటే వేగం. కాలు తీసేసే పని నిమిషాల్లో ముగించగలవాడే గొప్ప సర్జన్. రోగిని నలుగురు పట్టుకునేవారు, సారాయో నల్లమందో పట్టించేవారు. పొట్ట, ఛాతీ, మెదడు తెరిచే ఆలోచనకే దాదాపు తావు లేదు. నొప్పి తెలియని నిద్ర కోసం అక్కడక్కడా ప్రయత్నాలు జరిగాయి. బెంగాల్లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాటిష్ డాక్టరు 1845 నుంచి మెస్మెరిజంతో రోగులను నిద్రపుచ్చి ఆపరేషన్లు చేశాడు. అమెరికాలో జార్జియా రాష్ట్రపు పల్లె డాక్టరు క్రాఫర్డ్ లాంగ్ 1842లోనే ఈథరు వాడాడు గానీ, ఆ సంగతి అప్పుడు ప్రకటించలేదు. లోకానికి తెలిసిన రోజు 1846 అక్టోబరు 16. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో విలియం మోర్టన్ అనే పళ్ల డాక్టరు ఈథరు పీల్పించగా, సర్జన్ జాన్ వారెన్ ఒక యువకుడి మెడ మీది గడ్డకు ఆపరేషన్ చేశాడు. రోగి అరవలేదు. ఏటా అక్టోబరు 16ను ప్రపంచ అనస్థీషియా దినంగా జరుపుకోవడం ఇందుకే.

ఆ రోజుల్లో ఓడల మీద వార్తలు నడిచినా, ఈ కబురు మాత్రం ఎక్కడా ఆగలేదు. డిసెంబరులో లండన్ చేరింది, 1847లో కలకత్తాలో ఈథరు ఇచ్చి ఆపరేషన్లు చేశారు. అదే ఏడాది నవంబరులో ఎడిన్‌బరోలో కాన్పుల వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారంను ముందుకు తెచ్చాడు. దీనికి ఈథరులా ఘాటైన వాసన లేదు, నిప్పంటుకునే భయం లేదు, సరంజామా అక్కర్లేదు. జేబులో చిన్న సీసా, మడిచిన చేతిరుమాలు ఉంటే చాలు. ఉక్కగా ఉండే మన దేశంలో ఈథరు ఊరికే ఆవిరైపోయేది కాబట్టి, ఇక్కడి ఆసుపత్రుల్లో క్లోరోఫారానికి తిరుగులేకుండా పోయింది.

ఇంత సులువుగా కనిపించడమే ఈ శాఖకు శాపమైంది. రుమాలు మీద నాలుగు చుక్కలు వేసి ముక్కు దగ్గర పెట్టే పనికి ప్రత్యేకంగా డాక్టరు ఎందుకన్న ప్రశ్న పుట్టింది. ఎవరి చేయి ఖాళీగా ఉంటే వారికి ఆ పని అప్పగించారు. విద్యార్థులు, జూనియర్లు, నర్సులు, కొన్నిచోట్ల కాంపౌండర్లు కూడా మత్తు ఇచ్చారు. 1893లో హార్వర్డ్ వైద్య విద్యార్థి హార్వీ కుషింగ్‌ను ఇలాగే గాలరీలోంచి కిందికి పిలిచి ఈథరు ఇమ్మన్నారు. రోగి బల్ల మీదే చనిపోయాడు. కుషింగ్ చదువు మానేయాలనుకునేంతగా కుంగిపోయాడు. తర్వాత అతనూ తోటి విద్యార్థి ఎర్నెస్ట్ కాడ్‌మన్ కలిసి, మత్తు ఎవరు బాగా ఇస్తారో చూద్దామని పందెం వేసుకున్నారు. మత్తు ఇస్తున్నంతసేపూ నాడి, ఊపిరి ఎలా ఉన్నాయో కాగితం మీద గీస్తూ పోయారు. 1894 నాటి ఆ కాగితాలే మత్తు చార్టులకు ఆద్యం. ఈనాడు గాజువాకలోనో గజ్వేల్‌లోనో ఒక థియేటరులో అయిదు నిమిషాలకొకసారి బీపీ చుక్క పెట్టే షీటుకు మూలం ఆ ఇద్దరు విద్యార్థుల పందెం. కుషింగ్ తర్వాత మెదడు శస్త్రచికిత్సకు ఆద్యుడిగా పేరుపొందాడు.

మత్తును ఒక శాస్త్రంగా మొదట చదివినవాడు లండన్ డాక్టరు జాన్ స్నో. 1854లో బ్రాడ్ స్ట్రీట్ పంపు నీటికీ కలరాకూ ఉన్న సంబంధాన్ని తేల్చినవాడిగానే అతన్ని లోకం గుర్తుపెట్టుకుంది. అతని వృత్తి మాత్రం మత్తు ఇవ్వడం. 1853లో విక్టోరియా రాణికి ఎనిమిదో కాన్పులో క్లోరోఫారం ఇచ్చింది ఆయనే. గాలిలో ఎంత శాతం ఆవిరి ఉంటే రోగి ఏ దశకు చేరతాడో కొలిచాడు. క్లోరోఫారం గాఢత పెరిగితే గుండె నేరుగా దెబ్బతిని ఆగిపోగలదని చెప్పాడు.

ఈ మాట వెనక ఒక చావు ఉంది. 1848 జనవరి 28న ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయికి కాలిగోరు తీయడానికి క్లోరోఫారం ఇచ్చారు. రెండు మూడు నిమిషాల్లో ఆమె ప్రాణం పోయింది. క్లోరోఫారం వల్ల సంభవించిన తొలి మరణంగా చరిత్ర దీన్నే నమోదు చేసింది. ఆ తర్వాత ఇలాంటి కబుర్లు వరసగా వచ్చాయి. అన్నీ చిన్న చిన్న ఆపరేషన్లే, చాలావరకు మత్తు ఇంకా పూర్తిగా ఎక్కకముందే జరిగినవి. గుండె ముందు ఆగుతుందా, ఊపిరి ముందు ఆగుతుందా అన్న దాని మీద బ్రిటన్ వైద్యులు రెండుగా చీలారు. లండన్ వైద్యులు స్నో దారిలో నాడి మీద వేలు పెట్టి మత్తు ఇచ్చారు. ఎడిన్‌బరోలో సర్జన్ జేమ్స్ సైమ్ శిష్యులు నాడి ఊసే ఎత్తవద్దని, ఊపిరి సాగినంతకాలం భయం లేదని అన్నారు. ఆ సైమ్ శిష్యుల్లో ఒకడు ఎడ్వర్డ్ లారీ. 1885 నాటికి అతను హైదరాబాదు చేరి, బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్య పాఠశాల అధిపతిగా పనిచేస్తున్నాడు.

హైదరాబాదు వైద్య పాఠశాల ఈథరు ప్రదర్శన జరిగిన 1846లోనే పుట్టింది. నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో, రెసిడెన్సీ వైద్యుడు విలియం కాంప్‌బెల్ మెక్లీన్ పర్యవేక్షణలో మొదలైంది. ఆధునిక వైద్యాన్ని అక్కడ ఉర్దూలో బోధించారు. విద్యార్థులు పట్టా పుచ్చుకొని ‘హకీం’ అనిపించుకునేవారు. తర్వాత మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి వచ్చింది. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరే దానికి పెట్టారు. 1880ల మధ్యలో బోధన ఇంగ్లీషుకు మారింది. ఈనాటి ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా వైద్య కళాశాల వీటి వారసులే.

అఫ్జల్‌గంజ్‌లో లారీ ఎడిన్‌బరో పద్ధతిని తు.చ. తప్పకుండా నడిపాడు. అది చూడటానికి చాలా మామూలుగా ఉండేది. రోగిని వెల్లకిలా పడుకోబెడతారు. మెడ దగ్గర, నడుము దగ్గర బట్టలు వదులు చేస్తారు. గుడ్డతో చేసిన గరాటులాంటి టోపీలో క్లోరోఫారం పోసి, గాలి ధారాళంగా ఆడేలా ముక్కుకు కాస్త ఎడంగా పట్టుకుంటారు. రోగి భయపడి ఊపిరి బిగబడితే టోపీ వెంటనే తీసెయ్యాలి. బిగబట్టిన ఊపిరి వదిలాక ఒక్కసారిగా గుండెల నిండా పీలుస్తాడు కాబట్టి ఆ క్షణంలో మోతాదు మించిపోతుంది. కంటిగుడ్డును తాకినా రెప్ప కదలకపోతే మత్తు సరిపోయిందని గుర్తు. అంతకు ముందు కత్తి పెట్టకూడదు, ఆ తర్వాత చుక్క ఎక్కువ పొయ్యకూడదు. మత్తు ఇచ్చే విద్యార్థి ఆపరేషన్ వైపు చూడకూడదు, నాడి పట్టుకోకూడదు. అతని చూపు, చెవి రోగి ఊపిరి మీదే ఉండాలి. గురక మొదలైతే దవడ ఎత్తాలి, ఊపిరి ఆగితే నాలుక ముందుకు లాగి కృత్రిమశ్వాస మొదలుపెట్టాలి. బ్రిటన్‌లో చాలాచోట్ల దారినపోయే విద్యార్థికి అంటగట్టిన పనిని, ఇక్కడ ప్రతి విద్యార్థీ పద్ధతి ప్రకారం నేర్చుకోవలసిన పాఠంగా మార్చడం లారీ చేసిన గొప్ప పని. అతని సిద్ధాంతంలో ఉన్న తప్పు ఈ ఘనతను తగ్గించదు.

తన పద్ధతికి ప్రయోగాల బలం కావాలని లారీ 1888లో నిజాం ప్రభుత్వం చేత ఒక సంఘం వేయించాడు. అదే మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్. పాట్రిక్ హెహిర్ ఆధ్వర్యంలో 141 కుక్కల మీద ప్రయోగాలు చేసి, ప్రతిసారీ ఊపిరే ముందు ఆగిందని, గుండె ఆ తర్వాతనే ఆగిందని తేల్చారు. 1889లో వైద్య పాఠశాల బహుమతుల సభలో లారీ ఈ సంగతిని ధీమాగా ప్రకటించాడు. లండన్ వైద్యపత్రిక లాన్సెట్ ఒప్పుకోలేదు. యూరపులో ఎందరో పేరున్న పరిశోధకులు చేసిన ప్రయోగాలకు ఈ ఫలితం విరుద్ధంగా ఉందని రాసింది. లారీ వెనక్కి తగ్గలేదు. మీరు నమ్మిన శాస్త్రజ్ఞుణ్ణి పంపండి, ప్రయోగాలు మళ్లీ చేద్దాం, ఖర్చు మేం పెట్టుకుంటామన్నాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం అందుకు 1,000 పౌండ్లు మంజూరు చేసింది. మత్తు ఎలా ఇవ్వాలన్న ప్రశ్న మీద ఒక సంస్థానం ఖజానా తెరవడం ఆనాటి ప్రపంచంలో ఇంకెక్కడా జరిగినట్టు కనిపించదు.

లాన్సెట్ పంపింది సామాన్యుణ్ణి కాదు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లోనే చూపిన లండన్ డాక్టరు, మందుల శాస్త్రంలో దిట్ట, థామస్ లాడర్ బ్రంటన్. 1889 అక్టోబరులో హైదరాబాదులో దిగేనాటికి ఆయనకు కూడా గుండెకే ముప్పు అన్న అభిప్రాయం ఉంది. లారీ అధ్యక్షుడు, బ్రంటన్, బాంఫర్డ్, హైదరాబాదుకు చెందిన రుస్తుంజీ హకీం సభ్యులు. నెలల తరబడి ప్రయోగాలు సాగాయి. కుక్క మెడలోని ధమనికి గొట్టం కలిపి, రక్తపోటు ఎగుడుదిగుళ్లను తిరిగే డ్రమ్ము మీది మసి కాగితంపై సూదిమొన చేత గీయించారు. ఆ గీతలన్నిటికీ ఫొటోలు తీశారు. 490 జంతువులను వాడామని బ్రంటన్ లాన్సెట్‌కు తంతి పంపాడు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు అన్నీ అందులో ఉన్నాయి. ముప్పు ఊపిరాడకపోవడం వల్లనో మోతాదు మించడం వల్లనో వస్తోందని, గుండె మీద నేరుగా దెబ్బేమీ లేదని ఆ తంతి సారాంశం. నివేదికను 1890లో లాన్సెట్ అచ్చువేసింది. లండన్ పెద్దల తరఫున వచ్చినవాడే హైదరాబాదు వాదానికి సాక్షిగా తిరిగి వెళ్లాడు.

అయితే వివాదం అక్కడితో తెగలేదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రెండు జంతువుల రక్తప్రసరణను కలిపి ప్రయోగాలు చేశారు. మెదడుకు వెళ్లే రక్తాన్ని, గుండెకు వెళ్లే రక్తాన్ని వేరుచేసి చూడగలిగారు. గుండెకు చేరిన క్లోరోఫారం గుండెనే నీరసింపజేస్తోందని తేల్చారు. చిక్కుముడి అసలు విడిపోయింది 1911లో. లండన్ మత్తు వైద్యుడు గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫారం కొద్దిగా మాత్రమే ఎక్కిన దశలో ఎడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి, కండరం వణికి, ఉన్నట్టుండి ఆగిపోతుందని చూపాడు. భయపడిన మనిషి ఒంట్లో ఎడ్రినలిన్ దానంతటదే ఊరుతుంది. చిన్న ఆపరేషన్లకు కొంచెం మత్తు చాలనుకున్న చోటే మరణాలు ఎందుకు జరిగాయో అప్పుడు అర్థమైంది. హైదరాబాదు ప్రయోగాల్లో ఇది బయటపడకపోవడానికీ కారణం ఇందులోనే దొరుకుతుంది. అక్కడ జంతువులకు లోతైన మత్తు ఇచ్చారు, ఆ లోతులో ఊపిరే ముందు ఆగుతుంది.

కాబట్టి లారీ తీర్పు సగం తప్పు. స్నో చెప్పిందే నిలిచింది. ఆ 600కు పైబడిన మూగజీవాల ప్రాణాలు ఒక ముందే కుదిరిన నమ్మకానికి సాక్ష్యం కూడగట్టడానికి ఖర్చయ్యాయన్న విమర్శలోనూ న్యాయం ఉంది. అయినా ఊపిరి దారి తెరిచి ఉంచడం, గాలి కలిపి కొద్దికొద్దిగా ఇవ్వడం, మత్తు పూర్తిగా ఎక్కేదాకా సర్జన్‌ను ఆపడం అనే హైదరాబాదు నియమాలు రోగులను కాపాడాయి. మత్తు పూర్తయ్యేదాకా ఆగమన్న నియమం, ఎందుకో తెలియకుండానే, లెవీ కనిపెట్టిన ప్రమాదం నుంచి కూడా రోగిని తప్పించింది. ఈ నియమాల విలువ సిద్ధాంతం కన్నా ఎక్కువకాలం నిలిచింది.

హైదరాబాదు వైద్య పాఠశాల కథలో మరో మలుపు ఉంది. 1885లో లారీ చొరవతో అయిదుగురు మహిళలు వైద్య విద్యార్థులుగా చేరారు. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి 1889లో హకీం పట్టా పుచ్చుకున్నారు. ప్రయోగాలు జరుగుతున్న రోజుల్లోనే ఆమె చదువు సాగింది. ఆ తర్వాత ఆమె అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోనూ నగరంలోని ఇతర ఆసుపత్రుల్లోనూ క్లోరోఫారం ఇవ్వడాన్నే తన ప్రత్యేక వృత్తిగా చేసుకున్నారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలు ఆమేనని పలువురు వైద్య చరిత్రకారుల అభిప్రాయం. పరదా చాటున ఉండే స్త్రీలకు, మత్తులోకి జారేముందు తలవైపు మరో స్త్రీ ఉందన్న ధైర్యం ఎంత పెద్దదో వేరే చెప్పనక్కర్లేదు.

రూపాబాయి అక్కడితో ఆగలేదు. అమెరికాలో బాల్టిమోర్ వెళ్లి జాన్స్ హాప్కిన్స్‌లో చదివారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లారు. మత్తు వైద్యానికి ప్రత్యేకంగా కోర్సు ఆనాటికి అక్కడ లేదు. మత్తు ఇచ్చేవారికి అవసరమని భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకున్నారు. ఆవిరి ఒత్తిడి, వాయువుల వ్యాప్తి, ద్రావణీయత వంటివి తెలియకపోతే మత్తు ఇవ్వడం చేతిపనిగానే మిగిలిపోతుంది. ఈనాటి అనస్థీషియా పీజీ విద్యార్థి మొదటి ఏడాది చదివే పాఠాల్లో ఇవన్నీ ఉన్నాయి. శాఖే లేని కాలంలో, ఆ శాఖకు కావలసిన చదువేమిటో తనకు తానే నిర్ణయించుకున్న విద్యార్థిని ఆమె. చాదర్‌ఘాట్ ఆసుపత్రి పర్యవేక్షకురాలిగా పనిచేసి 1920 ప్రాంతంలో పదవీ విరమణ చేశారు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచెత్తింది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆవరణలో ఉంది. క్లోరోఫారం ఆ తరువాతి దశాబ్దాల్లో కనుమరుగైంది. కాలేయాన్నీ దెబ్బతీస్తుందని తేలడంతో ఇరవయ్యో శతాబ్దం మధ్యకు ఆసుపత్రులు దాన్ని పక్కనపెట్టాయి. చాలాకాలం దాని చోటును మళ్లీ ఈథరే ఆక్రమించింది. ముక్కు మీద మాస్కు పెట్టి ‘ఒకటి, రెండు లెక్కపెట్టు’ అనే మాట తెలుగునాట పెద్దవాళ్లకు గుర్తున్నది ఆ ఈథరు రోజుల నుంచే.

మత్తు ఇవ్వడం డాక్టరు చదవవలసిన ప్రత్యేక శాఖ అన్న గుర్తింపు నెమ్మదిగా వచ్చింది. 1927లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాల్ఫ్ వాటర్స్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టాడు. బ్రిటన్‌లో 1935లో అనస్థీషియా డిప్లొమా పరీక్ష వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి వచ్చిన తీరు చెప్పుకోదగ్గది. మోరిస్ కార్ల తయారీదారు లార్డ్ నఫీల్డ్ విశ్వవిద్యాలయంలో వైద్యపీఠాలకు భారీ విరాళం ఇస్తూ, అనస్థీషియాకు కూడా పీఠం ఉండాలని పట్టుబట్టాడు. అది ఆచార్య పదవికి తగిన విద్య కాదని పెద్దలు అడ్డుచెప్పారు. అది లేకపోతే మిగతావీ లేవన్నాడు నఫీల్డ్. 1937లో రాబర్ట్ మాకింటోష్ ఆ పదవిలో కూర్చున్నాడు. గొంతులోకి గొట్టం వేసేటప్పుడు నాలుకను పైకెత్తే వంపు లారింగోస్కోపు ఆయన 1943లో ప్రకటించినది. ఈనాటికీ మన హౌస్ సర్జన్లు చేతిలో పట్టుకునేది అదే.

1942 జనవరిలో మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, దక్షిణ అమెరికా ఆటవికులు బాణాలకు పూసే క్యురారే నుంచి తీసిన మందును ఆపరేషన్లో వాడాడు. ఒంట్లో కండరాలన్నీ సడలిపోతాయి కాబట్టి సర్జన్‌కు పొట్ట తెరవడం తేలికైంది. కండరాలు సడలితే ఊపిరీ ఆగుతుంది. ఇక రోగి తరఫున ఊపిరి తీయవలసిన పూచీ మత్తు డాక్టరు మీద పడింది. చేతిరుమాలు పట్టుకునే పని అన్న మాటకు అక్కడితో కాలం చెల్లింది.

ఆ నైపుణ్యం థియేటరు బయట ఏం చేయగలదో 1952లో కోపెన్‌హేగన్ చూసింది. పోలియో మహమ్మారిలో ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగులు రోజూ బ్లెగ్డమ్ ఆసుపత్రికి వస్తున్నారు. అక్కడున్న ఊపిరి యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. అలాంటివారిలో దాదాపు పదిమందిలో తొమ్మిదిమంది చనిపోతున్నారు. ఆగస్టు 27న మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్, చావుబతుకుల్లో ఉన్న 12 ఏళ్ల బాలిక గొంతుకు రంధ్రం చేయించి, గొట్టం వేసి, థియేటరులో వాడే రబ్బరు సంచిని చేత్తో పిసుకుతూ ఊపిరి అందించాడు. బాలిక బతికింది. మరి వందలమందికి సంచి పిసికేదెవరు? వైద్య కళాశాల విద్యార్థులు వచ్చారు. మంచం పక్కన స్టూలు వేసుకొని కూర్చొని, షిఫ్టుల్లో, రాత్రీ పగలూ, రోగి కళ్లలోకి చూస్తూ సంచి పిసికారు. నెలల వ్యవధిలో దాదాపు 1,500 మంది విద్యార్థులు ఈ పని చేశారు. మరణాలు నూటికి పాతిక వరకు దిగివచ్చాయి. ఈనాటి ఐసీయూ పుట్టింది ఆ వార్డులోనే. దాన్ని పుట్టించింది ఒక మత్తు వైద్యుడు, ఇంకా పట్టా అందని పిల్లలు.

న్యూయార్కులో వర్జీనియా అప్‌గార్ కథా ఇలాంటిదే. సర్జన్ కావాలని శిక్షణ తీసుకున్న ఆమెను, స్త్రీకి సర్జరీలో నిలదొక్కుకోవడం కష్టమని, అనస్థీషియాకు ప్రతిభావంతుల అవసరం ఉందని ఆమె గురువే ఇటు మళ్లించాడు. నిరాశతో మొదలైన దారిలో ఆమె 1949లో కొలంబియా వైద్య కళాశాలలో పూర్తిస్థాయి ఆచార్యులైన తొలి మహిళ అయ్యారు. పుట్టిన బిడ్డ స్థితిని ఎలా అంచనా వేయాలని ఒక వైద్య విద్యార్థి అడిగితే, అయిదు అంశాలు అక్కడికక్కడే కాగితం మీద రాసిచ్చారట. 1953లో అది పత్రికలో వచ్చింది. ఒంటి రంగు, గుండె వేగం, ప్రతిస్పందన, కండర బిగువు, ఊపిరి అనే ఆ అయిదింటికీ మార్కులు వేసే అప్‌గార్ స్కోరు తెలుగునాట ప్రతి కాన్పుల గది కేసుషీటులోనూ కనిపిస్తుంది. కనిపెట్టినది మత్తు డాక్టరని తెలిసినవారు తక్కువ.

భారత మత్తు వైద్యుల సంఘం 1947లో ఏర్పడింది. స్వాతంత్ర్యం తర్వాత విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాదు కళాశాలల్లోనూ అనస్థీషియా విడి శాఖగా నిలబడింది. జిల్లా ఆసుపత్రుల్లో మాత్రం సిలిండర్లు సమయానికి వచ్చేవి కావు, కరెంటు నమ్మకం ఉండేది కాదు. అక్కడ చాలాకాలం ఆదుకున్నది ఆక్స్‌ఫర్డ్‌లో తయారైన ఈఎంఓ అనే ఈథరు పెట్టె. గది గాలినే లాక్కొని కొలత ప్రకారం ఈథరు ఆవిరి కలిపే ఈ పరికరానికి కరెంటు అక్కర్లేదు. వెన్నులోకి సూదితో ఇచ్చే మత్తు సిజేరియన్లకు అలవాటయ్యాక ఈథరు వాసన తగ్గుతూ వచ్చింది. మత్తు డాక్టరు కొరత మాత్రం పోలేదు. సర్జన్, గైనకాలజిస్టు ఉండి కూడా మత్తు డాక్టరు లేక, కాన్పు కష్టమైన తల్లిని పెద్దాసుపత్రికి పంపించడం పల్లెటూళ్లకు తెలిసిన బాధ. దీన్ని తీర్చడానికే కేంద్రం గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఎంబీబీఎస్ డాక్టర్లకు 18 వారాల ప్రాణరక్షక మత్తు శిక్షణ పెట్టింది. ఒక శాఖను చిన్నచూపు చూసినందుకు చెల్లించే మూల్యం ఎవరి మీద పడుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అవసరం లేదు.

లండన్, హైదరాబాదుల మధ్య నాడా, ఊపిరా అని సాగిన తగవు ఒక చిన్న పరికరంలో తీరింది. 1970ల్లో జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి కనిపెట్టిన సూత్రంతో పుట్టిన పల్స్ ఆక్సీమీటరు, వేలి కొసన అంటుకొని నాడినీ రక్తంలోని ఆక్సిజన్‌నూ ఒకేసారి చెబుతుంది. 1980ల్లో అది థియేటర్లలోకి వచ్చాక మత్తు మరణాలు బాగా తగ్గాయి. కోవిడ్ ఏళ్లలో అదే పరికరం తెలుగిళ్లలోకి చేరింది. తొంభై నాలుగా, తొంభై రెండా అని ఇంటిల్లిపాదీ అంకె చూసుకున్నారు. ఆ రోజుల్లో ఐసీయూల్లో గొంతులోకి గొట్టాలు వేసి, వెంటిలేటర్లు నడిపి ముందువరసలో నిలిచినవారిలో మత్తు డాక్టర్లే ఎక్కువగా కనిపించారు.

ప్రస్తుత నిబంధనల ప్రకారం హౌస్ సర్జన్సీలో అనస్థీషియాకు రెండు వారాలు ఉన్నాయి. పీజీ చదువుల పేరుతో చాలామంది ఆ పద్నాలుగు రోజులనూ లైబ్రరీలో గడిపేస్తారు. సర్జన్ చేతి వైపు కాకుండా రోగి తలవైపు స్టూలు వేసుకొని ఒక్క ఆపరేషన్ మొదటి నుంచి చివరిదాకా చూస్తే, ఇష్టమో కాదో ఆ విద్యార్థికే తెలుస్తుంది. మన వైద్య కళాశాలలు ఆ రెండు వారాల్లో కనీసం ఒక గంట 1889 హైదరాబాదు ప్రయోగాలకు, రూపాబాయి ఫర్దూన్‌జీ జీవితానికి కేటాయించాలి. తమ ఊళ్లోనే జరిగిన ఈ పనిని తెలుగు వైద్య విద్యార్థులు విదేశీ పాఠ్యపుస్తకాల ద్వారా తెలుసుకోవలసి రావడం సరికాదు.